బోణీకి ముందు జానెడు

రైలు హిందూపురం దాటి చింతపండు గోడౌన్ల వెనకాల మెల్లగా వంపు తిరుగుతుండగా కుళ్ళాయమ్మ బుట్టమీది తడిగుడ్డ తొలగించింది. అడుగున కనకాంబరాలు, వాటిమీద మల్లెలు, ఓ వారగా మరువం. మల్లెదండ కొస పట్టుకుని బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య జానెడు సాగదీసి, అక్కడ ముడి బిగించి, నారను పంటితో కొరికింది. ఆ ముక్క ఆమె ఎడమ అరచేతిలోకి వచ్చింది. ఇంకా బోణీ కాలేదు.

అంతవరకూ చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఆ తర్వాతే చిక్కు. ఆ జానెడు పూలను ఏం చేయాలో ఆమెకు తెలియదు. నిన్నా తెలియలేదు, మొన్నా తెలియలేదు. చెప్పాలంటే రెండేళ్ళుగా తెలియడం లేదు.

మనిషి పొట్టి. అరవైకి అటో ఇటో ఉంటుంది. నార పసరు దిగి వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. చూపుడువేలి మీద ముడి బిగించే చోట ఒక గీత కోసుకుపోయి మానకుండా ఉంటుంది. ముంజేతులు మరీ పొట్టి కావడంతో రైల్లో బేరమాడేవాళ్ళకు అదొక వేళాకోళం. "నీ మూర కంటే మా పిల్లోని మూర నయం గదక్కా" అని ఎవరైనా అంటే, "దేవుడిచ్చిన చెయ్యబ్బా, అంగట్లో కొన్నది కాదు" అని నవ్వి రెండు పూలు కొసరు వేసేది. రెండేళ్ళ కిందట పెనుకొండ సామి దగ్గర బోధ తీసుకున్నాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. దేవుడిచ్చిన చెయ్యి అంటే దేవుడొకడు వేరే ఉన్నట్టే కదా. ఇప్పుడు ఏమీ అనకుండా కొసరు మాత్రం వేస్తోంది.

పొద్దున్నే హిందూపురంలో బండెక్కడం, పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా పెట్టె పెట్టెకూ తిరిగి అమ్మడం, మిగిలినవి ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళ వీధిలో తిప్పి సాయంత్రం బండికి ఇల్లు చేరడం, ఇదే ఆమె బతుకు. మొగుడు చనిపోయిన ఏడాది ఎత్తుకున్న బుట్ట ఇంతవరకూ దించలేదు. ఎందరి జడల్లోకో పూలు అందించిన మనిషి తన తలలో ఒక్క పువ్వు తురుముకుని ఇరవై ఏళ్ళు దాటింది. మొగుడు పోయినదానికి పూలు లేవు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగనూ లేదు.

రెండో రైల్వే గేటు దాటగానే పట్టాలకు ఆనుకుని ఒక ఆంజనేయుడి గుడి ఉంది. గుడి అంటే నాలుగు బండలూ పైన ఒక రేకూ. బుట్ట ఎత్తుకున్న తొలిరోజు నుంచీ బోణీకి ముందు జానెడు దండ తెంపి, పెట్టె వాకిట్లో నిలబడి, ఆ వైపు విసిరేది. అది స్వామి ముందు పడిందో, కంకరలో పడిందో, మేకలు తిన్నాయో ఎన్నడూ చూడలేదు. విసిరి, "నా రమణను చూసుకో సామీ" అనేది. రమణ ఒక్కడే కొడుకు. బోరు లారీ మీద పనికి చేరి ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఎక్కడో ఒరిస్సా వైపు పోయిన లారీ లోయలో పడింది. వాడు శవపెట్టెలో ఇంటికొచ్చాడు. ముప్పై ఇంకా నిండలేదు.

ఆ తర్వాత చాలాకాలం, గేటు వచ్చేసరికి కుళ్ళాయమ్మ అవతలి వైపు సీట్లలోకి వెళ్ళిపోయేది. రోజూ మామూలు పుచ్చుకుని పని చేసిపెట్టని ఆఫీసు మనిషిని తిట్టినట్టు ఆంజనేయుణ్ణి తిట్టుకునేది. పూలు అమ్మడం మానలేదు. పూలు ఎవరి దుఃఖం కోసమూ ఆగవు, మధ్యాహ్నానికల్లా వాడిపోతాయి. కానీ గుడి గంట వినబడితే ఒళ్ళు మండేది. దేవుడి పటం కొనే మనిషిని చూసినా మండేది.

అలాంటి రోజుల్లో చంద్రప్ప ఆమెను పెనుకొండకు తీసుకెళ్ళాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. బస్సు దిగినా కండక్టరుతనం దిగలేదు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయనే చెబుతాడు. పెనుకొండ కొండ కింద ఒక రేకుల ఇంట్లో కంబళ్ళు నేసుకుని బతికే తిమ్మప్ప అనే ముసలాయన ఉన్నాడు. కంబళ్ళకు పెట్టే చింతగింజల గంజి వాసన కొట్టే ఆ ఇంట్లోకి వారానికొకసారి కూలీలూ, గొర్రెలకాపర్లూ, ఒకరిద్దరు టీచర్లూ చేరి ఆయన మాట వింటారు. ఆయన్ను సామి అంటారు. సామికి పటాలు లేవు, దీపం లేదు, హారతి లేదు. కుళ్ళాయమ్మ ఆయన ముందు కూర్చుని కొడుకు గురించి ఏడ్చింది. ఆయన చాలాసేపు ఏడవనిచ్చి, "నీ కొడుకు యాడికి పోయినాడమ్మా? పోవడానికి ఇంకో తావంటూ ఉంటే గదా" అన్నాడు.

ఇంకో తావు లేదు. ఆ ఒక్క మాట ఆమెకు పట్టుకుంది. శివరాత్రి తర్వాత ఒకరోజు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇద్దరి మీదా ఒక నల్లకంబళి కప్పి, చెవిలో బోధ చెప్పాడు. చూసేదీ నువ్వే, కనపడేదీ నువ్వే, రెండోది లేదు. "అది నేనే" అని మూడుసార్లు చెప్పమన్నాడు. కంబళి కింద ఉక్కపోస్తుండగా ఆమె పెదవులు కదిపింది గాని గొంతు రాలేదు. సామి గమనించాడో లేదో. ఆయన చేతిలో చెయ్యి వేసి, ఇక రాయికీ రప్పకీ మొక్కనని, పూలు వేయనని మాట ఇచ్చింది.

ఆ మాటే ఇప్పుడు గొంతుకు అడ్డం పడింది. దేవుడు వేరే లేడంటే, రమణను ఎవరూ తీసుకుపోలేదు. వాడు ఎక్కడికీ పోలేదు. ఆ నమ్మకంతోనే ఆమె రెండేళ్ళుగా ముద్ద మింగుతోంది, నిద్రపోతోంది. మళ్ళీ గేటు దగ్గర ఒక్క జానెడు విసిరిందంటే, అక్కడ పుచ్చుకునేవాడు ఒకడు ఉన్నట్టు. ఉన్నాడంటే వాడే తీసుకుపోయినట్టు. విసరకపోతే మాత్రం చెయ్యి ఊరుకోదు. గేటు రాగానే లేస్తుంది. చంటిబిడ్డకు పాలు మాన్పించిన తల్లికి రొమ్ములు సలిపినట్టు రోజంతా అరచెయ్యి సలుపుతుంది. ఇది ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే నవ్వుతారు.

ఎన్నో చేసి చూసింది. కొన్నాళ్ళు తెంపడమే మానింది, బుట్ట దొంగసొమ్ములా అనిపించి ఆ రోజులన్నీ బేరాలు కుదరలేదు. తెంపి బొడ్లో సంచిలో వేసుకుంది, అవి ఎండి గరగరలాడాయి. మేకకు పెట్టింది. ఒకసారి ఎవరూ చూడకుండా విసిరి, "ఏసేదీ నేనే, పుచ్చుకునేదీ నేనే" అనుకుంది. చిన్నప్పుడు తోడు లేక వామనగుంటల ఆట రెండు వైపులా తనే ఆడుకున్నట్టు అనిపించి సిగ్గేసింది. సామిని అడుగుదామని నాలుగైదుసార్లు వెళ్ళి, "బాగుండావా సామీ" అని మాత్రం అడిగి తిరిగి వచ్చింది. ఇన్నాళ్ళు విని ఇంతేనా తెలిసింది అనుకుంటాడని భయం.

ఇవాళ మాత్రం అడిగి తీరాలనుకుంది. సామికి ఒంట్లో బాగాలేదని, చంద్రప్ప ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదని నిన్న రైల్లో ఎవరో అన్నారు.

"ఏమక్కా, ఆ ముక్క చేతిలో పట్టుకునే కూర్చున్నావు? బోణీ కాలేదా?" అంటూ శోభారాణి టీచరు వచ్చి ఎదుట కూర్చుంది. పెనుకొండ దగ్గర బడిలో పనిచేస్తుంది. రోజూ తొలి మూర ఆమెదే.

కుళ్ళాయమ్మ మూర కొలిచి ఇచ్చింది. డబ్బు కళ్ళకద్దుకోబోయి ఆపుకుంది. "మేడమ్, ఒక మాట అడుగుతా, నవ్వొద్దు. దేవుడు యాడో లేడు, మనమే ఆయప్ప అంటారు గదా. అట్లయితే ఆయప్పకు పెట్టాల్సిన పూలు ఎవురికి పెట్టాల?"

టీచరమ్మ నవ్వనే నవ్వింది. "ఇంకెవురికి? నువ్వే పెట్టుకో తలలో" అనేసి, వెంటనే కుళ్ళాయమ్మ బోడి నుదురు చూసి నాలుక కరుచుకుంది. "ఏదో అనేసినా అక్కా, ఏమనుకోవద్దు."

"దాన్లో ఏముండాది మేడమ్" అంది కుళ్ళాయమ్మ. ఆమెకు కోపం రాలేదు. లెక్క ప్రకారం టీచరమ్మ చెప్పిందే సరి. లెక్క సరిగ్గా ఉండి మనిషికి పనికిరాకుండా పోవడమే ఆశ్చర్యం. గేటు వచ్చింది, పోయింది. ఆమె జానెడు ముక్కను అరచేతిలోనే మూసిపెట్టుకుంది.

పెనుకొండలో దిగి, బుట్ట చంకన పెట్టుకుని కొండ వైపు నడిచింది. తక్కిన పూలు ఎండ ముదిరేలోగా ధర్మవరం చేరాలి. అడిగి, జవాబు వినేసి, బస్సు పట్టుకుంటే సరిపోతుంది.

రేకుల ఇంటి ముందు చంద్రప్ప కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎప్పటిలాగే తెల్లచొక్కా, జేబులో పెన్ను. "యాడికి పోతాండావు కుళ్ళాయక్కా? సామిని చూసేకి లేదు. ఆయప్ప ఎరుక దాటి పోయినాడు. మాటా లేదు, పలుకూ లేదు. పెద్ద స్థితి అది, మనం కదిలించకూడదు."

ఆ మాట అంటూండగానే లోపలి నుంచి ఒక కేక వచ్చింది. "నరసింహా! సామీ! భయమైతాందప్పా!" గొంతు బొంగురుగా, చీకట్లో తప్పిపోయిన పిల్లవాడిలా ఉంది. చంద్రప్ప ఒక్కసారిగా గొంతు పెంచి ఎండల గురించీ బస్సుల గురించీ మాట్లాడసాగాడు. లోపల కేక పెరిగినకొద్దీ బయట ఆయన గొంతూ పెరిగింది. చివరికి ఆయనకే చేతకాక ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నెల దినాల నుంచి ఇట్లనే అక్కా. బోధ మొత్తం మర్చిపోయినాడు. కదిరి నరసింహుడంట, వాళ్ళ ఇంటి దేవుడు. ఈ మాట బయటికి పోతే ఇన్నేండ్లు ఆయప్ప చెప్పిందంతా ఏమైపోతుంది చెప్పు."

కుళ్ళాయమ్మ గుమ్మం వైపు చూసింది. ఎవరి మాట పట్టుకుని తాను నిద్రపోతోందో ఆ మనిషే లోపల నిద్ర లేక దేవుణ్ణి పిలుస్తున్నాడు. మరి దేవుడున్నాడా? ఉంటే రమణను...

పెరటి వైపు నుంచి సామి భార్య పుట్టమ్మ తొంగి చూసి చెయ్యి ఊపింది. "నువ్వు రామ్మా. ఆయప్ప మాట పట్టించుకోవాకు. కండక్టరు సీటు ఇస్తేనే కూసోవాల్నా మనం?"

లోపల కిటికీ పక్కన నులక మంచం మీద తిమ్మప్ప పడుకుని ఉన్నాడు. పెద్ద మనిషి అంత చిన్నగా ఎలా అయ్యాడో. గడ్డం చిక్కుపడి, గుండెల మీద ఎముకలు తేలి, చేతులు గాలిలో దేన్నో వెతుకుతున్నాయి. ముప్పై ఏళ్ళుగా పటం లేని ఆ గోడకు నరసింహస్వామి పటం ఒకటి ఆనించి ఉంది. జొన్నల డబ్బా అడుగున ఇన్నేళ్ళూ దాచిపెట్టానని పుట్టమ్మ మామూలు గొంతుతో చెప్పింది. పొయ్యి మీద రాగిజావ తిప్పుతూ, "తాగిపించేకి చూస్తాండా. తాగడు. మూడు దినాల నుంచి కన్ను మూయలేదు" అంది.

అలికిడికి తిమ్మప్ప తల తిప్పాడు. ముందు బుట్టను చూశాడు. పూలను చూశాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూస్తూ చేతులు రెండూ ఎత్తాడు.

"చెంచితా, తల్లీ. వచ్చినావా? సామి యాడ?"

కుళ్ళాయమ్మకు అర్థమవడానికి కాసేపు పట్టింది. అడవిలో నరసింహుడు మెచ్చి చేసుకున్న చెంచులక్ష్మి అనుకుంటున్నాడు తనను. నరసింహుడి భార్య అనుకుంటున్నాడు. ఆమె బెదిరిపోయి, "నేను పూలమ్మే కుళ్ళాయమ్మను సామీ" అనబోయింది. పుట్టమ్మ వెనక నుంచి మెల్లగా, "ఊ అనమ్మా. నీకేం పోయింది. భయం తగ్గుతుందేమో. వచ్చినా అను" అంది.

దేవతలకు మొక్కనని ఏ మనిషికి మాట ఇచ్చిందో ఆ మనిషికే తాను దేవతనని చెప్పాలి.

"ఊ, వచ్చినా" అంది.

తిమ్మప్ప చేతులు వెతకడం మానేశాయి. చాలా ఏళ్ళ నుంచి దాచుకున్న పెద్ద సందేహం అడుగుతున్నట్టు, బిడియంగా, "నా సన్నోన్ని యాడ పెట్టినావు తల్లీ?" అన్నాడు.

జావ తిప్పుతున్న గరిట ఆగిపోయింది. ఆ ఇంట్లో పిల్లలు పుట్టలేదనే అందరూ అనుకుంటారు. పుట్టమ్మ పొయ్యి వైపే చూస్తూ చెప్పింది. "ఏడాది నిండినోడు. జ్వరమొచ్చి పోయినాడు. నలభై ఏండ్లయింది. ఆ పొద్దు నుంచి ఈయప్ప వాని పేరు ఎత్తలేదు, నన్ను ఎత్తనీలేదు. ఆ తర్వాతనే ఊర్లు తిరిగి ఈ బోధ నేర్చుకుని వచ్చినాడు."

ముసలాయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. జవాబు కావాలి. తాను ఏ ప్రశ్న వేసి దేవుణ్ణి తిట్టిందో, అదే ప్రశ్న ఇప్పుడు తన ముఖం మీదికి వచ్చింది. అడగడం తెలుసు గాని జవాబు చెప్పే వైపు నిలబడడం ఆమెకు అలవాటు లేదు.

"నా దగ్గరే ఉండాడు" అంది.

"ఏడుస్తాండాడా?"

"లేదు. ఆడుకుంటాండాడు."

"అన్నం తిన్నాడా?"

కుళ్ళాయమ్మకు కళ్ళ ముందు ఇల్లు మసకబారింది. "తిన్నాడు సామీ" అనబోయి, దేవత అలా అనదేమోనని, "తిన్నాడు నాయనా" అంది. ఆ మాట అంటుంటే రమణే తిని చెయ్యి కడుక్కుని లేచినట్టు అనిపించింది. కన్నీళ్ళు బుట్టలో పడ్డాయి.

తిమ్మప్ప మెల్లగా లేచే ప్రయత్నం చేశాడు. పుట్టమ్మ ఆయన వీపు పట్టుకుంది. ఆయన కుళ్ళాయమ్మ ఎడమ పిడికిలి విప్పి, అందులో నలిగిన జానెడు మల్లెలు తీసి, తడుముకుంటూ ఆమె కొప్పు మీద పెట్టాడు. పూలు ముడిలో చిక్కుకున్నాయి. రెండు చేతులూ జోడించి, "సాలు తల్లీ" అన్నాడు. పడుకున్నాడు. కాసేపటికి గురక వినబడింది.

ఆ సమయానికి చంద్రప్ప గుమ్మంలో ఉన్నాడు. గురువు దండం పెట్టడమూ చూశాడు, ముండమోపి తలలో పూలూ చూశాడు. "ఏంది ఇదంతా?" అన్నాడు.

"నిద్రపోయినాడు. గొంతు తగ్గించప్పా" అంది పుట్టమ్మ.

అడగాల్సింది అడగకుండానే కుళ్ళాయమ్మ బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తూ అదే ఆలోచన. "అది నేనే" అని కంబళి కింద చెప్పమన్నప్పుడు రాని మాట, ఇవాళ అబద్ధంగా చెప్పాల్సి వచ్చేసరికి ఎంత సులువుగా వచ్చింది. అబద్ధమేనా అది? మోసం చేసినట్టు మాత్రం లేదు. సామి బోధ మరిచి దేవతను చూశాడు. చూసింది తననే. ఆయన మరిచిపోయాడనాలా, ఇప్పుడే సరిగ్గా చూశాడనాలా? బోధ ఓడిందా, మొక్కు గెలిచిందా? ఏ కొస పట్టి లాగినా రెండో కొస బిగుసుకుంటోంది. చంద్రప్పను అడిగితే ఏదో ఒకటి చెబుతాడు. ఆయన చెప్పేది వినే ఓపిక ఆమెకు లేదు.

ధర్మవరంలో ఎండ నడినెత్తికి వచ్చింది. పూలు మెత్తబడ్డాయి. అంగళ్ళ వీధిలో పెళ్ళిచీరలు కొనే గుంపుల మధ్య "కనకాంబరాలమ్మా, మల్లెలమ్మా" అని కేక వేసుకుంటూ తిరిగింది. కొనేవాళ్ళు ఆమె తలవైపు ఒకసారి చూసి, చూడనట్టు ఊరుకుంటున్నారు. ఎందుకో ఆమెకు తోచలేదు. టీ బంకు హేమావతి మాత్రం ఊరుకోలేదు. "ఏమక్కా, నీ తలలో పూలుండాయే!" అంది.

కుళ్ళాయమ్మ ఉలిక్కిపడి చెయ్యి వేసింది. తీసేయబోయింది. తీసి ఎక్కడ వేయాలి? పొద్దున్నుంచీ అదే కదా తెలియనిది. చెయ్యి దించేసుకుంది.

"ఎవురు పెట్టినారక్కా?"

"తెలీదమ్మా" అంది. నిజమే చెప్పింది.

టీ తాగి గ్లాసు దించేలోపే ఫోను మోగింది. చంద్రప్ప. "సామి పోయినాడక్కా. ఆ నిద్రలోనే. మళ్ళీ కండ్లు తెరవలేదు." ఆయన ముక్కు చీదుకోవడం వినబడింది. "అక్కా, ఆఖర్న మాట్లాడింది నీతోనే గదా. నేను విన్నది గాక ఇంకేమన్నా చెప్పినాడా? అందరూ అడుగుతాండారు."

"అన్నం తిన్నాడా అన్యాడప్పా. నువ్వు వచ్చేలోపలే."

చంద్రప్ప ఆ మాటను ఒకసారి పైకి అనుకుని, "సరే" అని పెట్టేశాడు.

ఆమెకు మిగిలిన పూలు అమ్మాలనిపించలేదు, అయినా అమ్మింది. కూర్చుని ఏడ్వాలనిపించింది, ఆ వీధిలో కూర్చునే చోటు లేదు. సాయంత్రం బండిలో పెనుకొండలో దిగింది. ఇంటి ముందు చాలామంది చేరారు. చంద్రప్ప మధ్యలో నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, సామి ఆఖరి బోధ విప్పి చెబుతున్నాడు. తిన్నదెవరు, తినేదేమిటి, ఈ రెండూ ఒకటేనని ఒక్క మాటలో పెట్టి పోయాడట. ఒకడెవడో రాసుకుంటున్నాడు. కుళ్ళాయమ్మ అది తప్పని చెప్పాలనుకుంది. తప్పో కాదో తనకే తెలియక పక్కగా తప్పుకుని పెరట్లోకి నడిచింది. గడప దగ్గర వంగినప్పుడు తల తేలిగ్గా అనిపించి తడుముకుంది. పూలు లేవు. బస్టాండులో జారాయో, రైల్లో ఏ సీటు మీద పడ్డాయో.

వాళ్ళ పద్ధతిలో సామిని కూర్చోబెట్టే పూడుస్తారు. లోపల గోడకు ఆనించి, కాళ్ళు మడిచి, నల్లకంబళి కప్పి ఆయన్ను కూర్చోబెట్టారు. విభూతి పూసిన ముఖంలో భయం ఆనవాలు లేదు. మగవాళ్ళు చేని గట్టున గుంత తవ్వుతున్నారు, గడ్డపార దెబ్బలు వినబడుతున్నాయి. పెరట్లో, ఇంకా వెలుతురు ఉండగానే, పుట్టమ్మ నులక మంచం కడగడానికి దాని మీది గుడ్డలు తీస్తోంది. ఆయన తల కింద పెట్టుకునే మూట ఊడి మంచం మీద పరుచుకుంది. అది కంబళి. పసిబిడ్డకు కప్పేంత కంబళి.

"నలభై ఏండ్లు దీని మీదనే తల పెట్టినాడు. ఉతకనీలేదు" అంది పుట్టమ్మ. కొంచెంసేపు దాన్ని చూస్తూ నిలబడి, తల తిప్పకుండానే, "ఏం తిన్నాడమ్మా?" అని అడిగింది.

కుళ్ళాయమ్మకు అర్థం కాలేదు.

"పొద్దున చెప్తివి గదా, తిన్నాడని. ఏం తిన్నాడో చెప్పలేదు."

ఇప్పుడు బెదిరిపోయే ముసలాయన లేడు. ఎవరినీ నిద్రపుచ్చాల్సిన పని లేదు. ఆయన కోసం ఏదో చెప్పానవ్వా అని అనేయవచ్చు. ఆ తల్లి ముఖం చూస్తే అది నోట రాలేదు. బోధ గుర్తు రాలేదు, ఇచ్చిన మాట గుర్తు రాలేదు, తాను ఎవరో కూడా ఆ క్షణం గుర్తు లేదు.

"బొరుగులవ్వా. బెల్లం కలిపి పెట్టినా" అంది. అది రమణ తిండి. బడి నుంచి వస్తూనే గిన్నె పట్టుకుని నిలబడేవాడు.

పుట్టమ్మ తల ఊపింది. "పాలల్లో నాన్చి పెట్టు. వానికి ముందుపండ్లే వచ్చిండేది" అంది.

"అట్లనే అవ్వా" అంది కుళ్ళాయమ్మ.

గుంత సిద్ధమైందని చేని వైపు నుంచి పిలిచారు. పుట్టమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోపలికి వెళ్ళారు. మంచం మీద చిన్న కంబళి విప్పినట్టే ఉండిపోయింది. ఎర్ర అంచు వెలిసి మట్టిరంగుకు తిరిగింది. ఒక మూల మాత్రం, పసిపళ్ళు నమిలిన చోట, ఉన్ని పోగులు ముద్దగా అంటుకుని ఉన్నాయి.